తెరవగానే ఖాళీ అయిన ఫైలు

రాత్రి పదకొండు దాటింది. గదిలో లైటు ఆర్పేసి ఉంది, కంప్యూటర్ తెర వెలుగు ఒక్కటే మన మొహాల మీద. కుర్చీ లాక్కుని ఇలా నా పక్కన కూర్చోండి. ఇవి మా పదో తరగతి బ్యాచ్ పేర్లు, 112. పాత నోటుబుక్కు చూసుకుంటూ రెండు సాయంత్రాలు టైపు చేశాను. అక్షర క్రమంలో పెడదామని ఒక్క లైను కొడుతున్నాను: సార్ట్, ఫైలు పేరు, ఫలితాన్ని ఫైల్లోకి పంపే > గుర్తు, మళ్ళీ అదే ఫైలు పేరు. ఎంటర్.

కర్సర్ కింది లైనుకు దిగింది. తప్పు అని ఒక్క మాటైనా లేదు. ఫైలు తెరిచి చూస్తే సున్నా బైట్లు.

గుండె జారిపోయింది. ఏం జరిగిందో చూడకుండా మాత్రం నిద్ర పట్టదు. ఇంకో ఫైల్లో మూడు పేర్లు పెట్టి, అదే లైనును ఎస్‌ట్రేస్ కింద నడుపుతున్నాను. ప్రోగ్రాము లినక్స్ కెర్నల్‌ని ఏమేం అడుగుతుందో అన్నీ ఇది తెర మీద వేస్తుంది.

లైన్లు బిలబిలా పరుగెత్తాయి. పైకి జరుపుతున్నాను. ఇదిగో, ఇదీ. ఓపెన్‌ఎట్, ఫైలు పేరు, తర్వాత నిలువు గీతలతో కలిపిన మూడు మాటలు: ఓ_రైట్‌ఓన్లీ, ఓ_క్రియేట్, ఓ_ట్రంక్. చివర 0666. కెర్నల్ ఇచ్చిన జవాబు 3. ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ అప్పటికే 0, 1, 2 నంబర్లు తీసుకున్నాయి కాబట్టి మొదటి ఖాళీ నంబరు అదే.

మొదటి మాటకు అర్థం, రాయడానికే తెరుస్తున్నాను అని. రెండోది, ఫైలు లేకపోతే పుట్టించు అని. మూడోదే నా కొంప ముంచింది: ఉంటే దాని పొడవు సున్నా చెయ్యి. ఇది అడిగింది షెల్, అంటే నేను కొట్టే లైన్లను అందుకుని నడిపే ప్రోగ్రాము. సార్ట్ అప్పటికి మొదలే కాలేదు, అది ఇంకా కిందెక్కడో ఉంది. అది వచ్చి అదే ఫైలును చదవడానికి తెరిచింది, రీడ్ అంది, జవాబు 0. పేర్లు పోయింది రాసేటప్పుడు కాదు, తెరిచేటప్పుడు.

ఆ 0666 కొత్తగా పుట్టే ఫైలు కోసం: అందరూ చదవొచ్చు, అందరూ రాయొచ్చు. యూమాస్క్ అనే సెట్టింగు 022 అయితే అందులోంచి ఇతరుల రాత హక్కు తీసేసి 0644 మిగులుస్తుంది.

తొలినాళ్ళ యూనిక్స్‌లో ఓపెన్‌కి ఇన్ని షరతులు లేవు. చదవడం, రాయడం, రెండూ, అంతే. ఫైలు పుట్టించడానికి వేరే పిలుపు ఉండేది. ఇంగ్లీషులో ‘క్రియేట్’ అనే దాని పేరు చివర ‘ఈ’ అక్షరం వదిలేశారు. మళ్ళీ యూనిక్స్ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఈ’ చేరుస్తానన్నారు కెన్ థాంప్సన్.

ఇప్పుడు > బదులు >> కొడుతున్నాను. చూడండి, ట్రంక్ ఉన్న చోట ఓ_అపెండ్ వచ్చింది. దీని గొప్పదనం వేరు. రాసే ప్రతిసారీ కెర్నల్ ముందు ఫైలు చివరికి వెళ్ళి అక్కడ రాస్తుంది. వెళ్ళడం, రాయడం రెండూ ఒకే దెబ్బలో. మామూలు డిస్కు మీద రెండు ప్రోగ్రాములు ఒకే లాగ్ ఫైల్లో రాస్తున్నా ఒకదాని లైను మీద ఇంకోటి పడదు.

ఇక ఆఖరుది. షెల్‌లో ‘సెట్ -సి’ అని కొడుతున్నాను, సి పెద్దక్షరం. ఖాళీ అయిన ఫైల్లో మూడు పేర్లూ తిరిగి పెట్టి, మళ్ళీ నన్ను ముంచిన ఆ లైనే. ఈసారి షెల్ ఒప్పుకోలేదు: ఉన్న ఫైలును చెరిపి రాయలేనంది. మూడు పేర్లూ భద్రంగా ఉన్నాయి. లేని ఫైలు పేరు ఇచ్చి చూస్తే క్రియేట్ పక్కన ఓ_ఎక్స్‌క్ల్ వచ్చి చేరింది. ఫైలు ముందే ఉంటే తెరవొద్దని దాని అర్థం. ఉందా అని చూడటం, పుట్టించడం మధ్య ఇంకో ప్రోగ్రాము దూరే సందు ఉండదు.

నా నోటుబుక్కు ఇక్కడే ఉంది, రేపు సాయంత్రం మళ్ళీ మొదటి పేరు నుంచి కొడతాను. మీకు నోటుబుక్కు ఉండకపోవచ్చు. ఈ రాత్రే మీ షెల్ సెట్టింగుల ఫైల్లో ‘సెట్ -సి’ అన్న ఆ ఒక్క లైను చేర్చుకోండి. చేర్చేటప్పుడు మాత్రం > రెండుసార్లు కొట్టండి.