భూగోళ పాఠంలో స్కాటర్ గ్రాఫ్

రెండు కొలతలకు సంబంధం ఉందో లేదో చుక్కలతో చూపే పటం స్కాటర్ గ్రాఫ్. బ్రిటన్ బడుల్లో భూగోళం చదివే పిల్లలు దీన్ని గీయడం, చదవడం రెండూ నేర్చుకుంటారు. కానీ దీని మూలాలు ఖగోళశాస్త్రంలో ఉన్నాయి.

కన్యారాశిలోని గామా వర్జినిస్ అనే జంట నక్షత్రం కక్ష్య తేల్చాలని జాన్ హెర్షెల్ పూనుకున్నాడు. 1718 నుంచి పలువురు రాసిపెట్టిన కొలతలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఆయన గళ్ల కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా కోణాలు వేసి చుక్కలు పెట్టాడు. చుక్కను చుక్కతో కలపకుండా వాటి నడుమ నుంచి ఒక నునుపైన వంపుగీతను చేత్తోనే లాగాడు. 1833లో అచ్చయిన ఆ పద్ధతిలో గొప్ప ధైర్యం ఉంది: ఒక్కో కొలత తప్పినా మొత్తం చుక్కల నడక తప్పదన్న నమ్మకం.

1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులను, ఎదిగిన 928 మంది పిల్లల ఎత్తులతో పోల్చాడు. తర్వాత కార్ల్ పియర్సన్ ఆ సంబంధాన్ని −1, +1 మధ్య అంకెగా మార్చాడు. 1904లో చార్లెస్ స్పియర్‌మన్ ర్యాంకులతో లెక్కించే సులువైన దారి చూపాడు.

భూగోళ పాఠాల్లో గణాంకాలకు చోటు పెరిగింది 1960లలో. భూగోళ శాస్త్రవేత్తలు రిచర్డ్ చోర్లీ, పీటర్ హాగెట్ 1963లో కేంబ్రిడ్జ్ దగ్గరి మాడింగ్లీ హాల్‌లో ఉపాధ్యాయులకు ఇప్పించిన ఉపన్యాసాలు అందుకు ఊతమిచ్చాయి.

పిల్లలు వాగులోకి దిగి గులకరాళ్లు కొలుస్తారు. వాగు పుట్టినచోటు నుంచి దూరం అడ్డగీత మీద, రాయి పొడవు నిలువుగీత మీద. దిగువకు పోయేకొద్దీ రాళ్లు ఒరుసుకుని అరుగుతాయి కాబట్టి చుక్కలు సాధారణంగా కుడివైపుకు కిందికి వాలతాయి. ఇది రుణ సహసంబంధం, అంటే ఒకటి పెరిగేకొద్దీ రెండోది తగ్గడం. చుక్కల నడుమ నుంచి లాగే గీతకు రెండు పక్కలా చుక్కలు ఇంచుమించు సమానంగా ఉండాలి. చుక్కలన్నీ కలిపేయడం, గీతను బలవంతంగా సున్నా దాకా లాగడం తరచూ జరిగే పొరపాట్లు.

అసలు భూగోళం మొదలయ్యేది గీతకు దూరంగా పడ్డ చుక్క దగ్గర. దిగువన ఉన్నట్టుండి పెద్ద రాళ్లు కనిపిస్తే అక్కడ ఉపనది కలిసిందేమో, గట్టు విరిగిందేమో వెతకాలి. దేశాల విషయంలోనూ అంతే. ఆదాయం పెరిగితే ఆయుర్దాయం పెరుగుతుందని, అయితే ఒక స్థాయి దాటాక ఆ పెరుగుదల మందగిస్తుందని 1975లో జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ గీసిన వంపు చూపింది. తక్కువ ఆదాయమున్న క్యూబా ఆ వంపుకు బాగా పైన నిలుస్తుంది. అక్కడి ప్రజారోగ్య వ్యవస్థ అందుకు ముఖ్య కారణం. చమురు డబ్బుతో సగటు ఆదాయం ఎగబాకిన ఈక్వటోరియల్ గినీ కిందనే ఉండిపోయింది, ఆ డబ్బు జనానికి చేరలేదు.