గర్భిణీ రక్తహీనత – నెలలు నిండని కాన్పు: బొంబాయి అధ్యయనం (1928-31) చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తల్లి ఆరోగ్యానికీ, నెలలు నిండకముందే జరిగే కాన్పుకూ గల సంబంధాన్ని వైద్యశాస్త్రం గుర్తించిన తీరుకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో 1928-31 మధ్య బొంబాయి, కూనూరు, మద్రాసులలో లూసీ విల్స్ బృందం గర్భిణీ రక్తహీనతపై జరిపిన పరిశోధన ఒక ముఖ్య ఘట్టం. రక్తంలో లోపించిన పదార్థమేమిటన్నది ఆ పరిశోధనలోని ఒక ప్రశ్న. ఆ స్త్రీ ఏమి తింటోంది, ఎలా బతుకుతోంది అన్నది రెండవది. మొదటి ప్రశ్న ఫోలిక్ ఆమ్లానికి దారితీయగా, రెండవది క్రమంగా మరుగున పడింది. ఈ పరిణామాన్ని వివరించి, నేటి మాతృ ఆరోగ్య విధానంపై దాని ప్రభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాతృ ఆరోగ్యం, రక్తహీనత, నెలలు నిండని కాన్పు, లూసీ విల్స్, యల్లాప్రగడ సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం.

1. ఉపోద్ఘాతం:

గర్భం 37 వారాలు పూర్తికాకముందే జరిగే ప్రసవాన్ని వైద్యులు నెలలు నిండని కాన్పుగా పరిగణిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఇలా జన్మించారు. అందులో దాదాపు 30 లక్షల జననాలు భారతదేశంలోనివే. అధిక రక్తపోటు, మధుమేహం, మూత్రనాళ, జననాంగ ఇన్ఫెక్షన్లు, మలేరియా, కవలల గర్భం, కాన్పుల మధ్య తక్కువ ఎడం, పిన్న వయసులో గర్భధారణ, పొగాకు, పోషకాహార లోపం మొదలైనవి ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. గతంలో ఒకసారి నెలలు నిండకుండా ప్రసవించిన స్త్రీకి ప్రమాదం మరింత ఎక్కువ. తీవ్రమైన రక్తహీనత ఉన్న తల్లులలోనూ ఇటువంటి కాన్పులు అధికంగా కనిపిస్తున్నాయి. ఈ వ్యాసం రక్తహీనతకే పరిమితమవుతుంది.

2. పరిభాష – నెలల లెక్క, బరువు లెక్క:

'నెలలు నిండటం' అనే తెలుగు పలుకుబడి గర్భాన్ని కాలంతో కొలుస్తుంది. 'నిండు చూలాలు', 'ఏడో నెల బిడ్డ' వంటి మాటల్లోనూ ఉన్నది కాలగణనే. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఆసుపత్రులు మాత్రం ఎక్కువగా బరువుపై ఆధారపడ్డాయి. ఫిన్లాండు శిశువైద్యుడు ఆర్వో యుల్పో ప్రచారంలోకి తెచ్చిన 2500 గ్రాముల హద్దు అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ బరువుకు మించని బిడ్డలందరినీ నెలలు నిండనివారిగానే లెక్కించారు. ఆఖరి నెలసరి తేదీ తెలియని సందర్భాల్లో త్రాసే ఆధారం కావడం సహజం.

కానీ ఈ కొలత భారతదేశానికి సరిపడలేదు. నెలలు నిండిన తర్వాతనే పుట్టినా, తల్లి పోషణ లోపం వల్ల బరువు తక్కువగా ఉన్న శిశువులు ఇక్కడ ఎక్కువ. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 'తక్కువ జనన బరువు' అనే పదాన్ని సూచించి ఈ రెండు స్థితులనూ వేరుచేసింది. 'నెలలు తక్కువ', 'బరువు తక్కువ' అని తెలుగు వాడుక విడిగా చెప్పే విషయాలను శాస్త్ర పరిభాష అప్పటికి విడదీసింది. అందువల్ల అంతకు ముందరి నివేదికలను చదివే పరిశోధకుడు, అందులోని పదం ఏ కొలతను సూచిస్తున్నదో ముందుగా నిర్ధారించుకోవాలి.

3. బొంబాయి నేపథ్యం:

1920లలో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి స్థితి ఒక శాసన సమస్యగా ముందుకు వచ్చింది. కార్మిక నాయకుడు ఎన్. ఎం. జోషి 1924లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన ప్రసూతి ప్రయోజనాల బిల్లు నెగ్గలేదు. 1929లో బొంబాయి రాష్ట్రం సొంతంగా ప్రసూతి ప్రయోజనాల చట్టం చేసింది. నాటి కోస్తాంధ్ర, రాయలసీమలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రం 1934లో అదే బాట పట్టింది.

అదే కాలంలో బొంబాయి గర్భిణులలో ఒక తీవ్ర రక్తహీనత వైద్యులను కలవరపెట్టింది. ఇందులో ఎర్ర రక్తకణాల సంఖ్య పడిపోతుంది, ఉన్న కణాలు మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి. దీనిపై పరిశోధించవలసిందిగా వైద్యురాలు మార్గరెట్ బాల్ఫర్ కోరగా, ఇంగ్లండుకు చెందిన లూసీ విల్స్ 1928లో బొంబాయి వచ్చి హాఫ్‌కిన్ సంస్థలో పని ప్రారంభించారు.

4. విల్స్ పరిశోధన – రెండు ప్రశ్నలు:

ఈ పరిశోధన ఫలితాలు 1930 నుండి 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో భాగాలుగా వెలువడ్డాయి. తొలి భాగంలో విల్స్‌తో పాటు ఎం. ఎం. మెహతా రచయిత. రెండవ భాగాన్ని విల్స్, ఎస్. ఎన్. తల్పాడే కలిసి రాశారు. ఆ రెండవ భాగం ప్రయోగశాలకు సంబంధించినది కాదు. బొంబాయి స్త్రీల ఆహార, పారిశుద్ధ్య పరిస్థితుల సర్వే అది. వేర్వేరు వర్గాల స్త్రీల ఆహారానికీ, గర్భధారణలో వారికి రక్తహీనత కలిగే అవకాశానికీ సంబంధం ఉందని విల్స్ గుర్తించారు. పేద ముస్లిం స్త్రీల ఆహారం అన్నిటికంటే లోపభూయిష్ఠంగా ఉంది. వ్యాధి తాకిడి కూడా వారిలోనే హెచ్చు.

రెండవ మార్గం ప్రయోగశాలది. ఆ స్త్రీల ఆహారాన్ని పోలిన ఆహారం పెట్టిన ఎలుకలలో రక్తహీనత కనిపించింది గాని, పేల ద్వారా సోకిన బార్టొనెల్లా క్రిములు ఆ ఫలితాన్ని చిక్కుపరిచాయి. అనంతరం కోతులపై ప్రయోగాలు జరిగాయి. ఈస్టు సారంతో చేసిన చవకైన మార్మైట్ వాటి రక్తాన్ని తిరిగి మెరుగుపరిచింది. విల్స్ 1929లో కూనూరులోని పాశ్చర్ సంస్థలోనూ, 1931లో మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోనూ పనిచేశారు. గర్భిణులకు మార్మైట్ ఇచ్చి సాధించిన ఫలితాలను 1931లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రకటించారు. శుద్ధిచేసిన కాలేయసారానికి లొంగని ఈ రక్తహీనతను నయంచేసే పదార్థం వేరొకటి ఉన్నదని 1937లో ఆమె బృందం చూపింది. అదే 'విల్స్ ఫ్యాక్టర్'గా పేరు పొందింది.

5. పదార్థం నుండి మాత్ర వరకు:

1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుండి వేరుచేసిన ఒక పదార్థానికి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాట ఆధారంగా ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. దానిని కృత్రిమంగా తయారుచేసిన ఘనత 1945లో లెడర్లే ప్రయోగశాలల బృందానిది. ఆ పరిశోధనకు సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948). సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించడం ఆయనను కలచివేసిన సంఘటన. ఆ వ్యాధి చికిత్సకు కూడా ఫోలిక్ ఆమ్లం ఉపకరించింది. బొంబాయి గర్భిణుల రక్తంతో మొదలైన అన్వేషణ ఒక తెలుగు శాస్త్రవేత్త నేతృత్వంలో ఫలించిందన్నది మనం తరచుగా చెప్పుకోని విషయం.

కూనూరులో మెకారిసన్ నెలకొల్పిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. గర్భిణుల ఫోలిక్ ఆమ్ల అవసరాలపైనా, శిశువుల బరువుపై దాని ప్రభావంపైనా 1970లలో ఆ సంస్థ పరిశోధకులు అధ్యయనాలు ప్రచురించారు. 1970లో ఆరంభమైన జాతీయ రక్తహీనతా నివారణ కార్యక్రమం గర్భిణులకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రలను అందించింది. 2018లో మొదలైన 'రక్తహీనత రహిత భారత్' వాటిని 180 రోజులు వాడాలని నిర్దేశించింది.

6. మరుగైన రెండవ ప్రశ్న:

మాత్ర విలువను తక్కువ చేయనక్కరలేదు. శిశువుల వెన్నెముక లోపాలను ఫోలిక్ ఆమ్లం నివారిస్తుందని 1991లో రుజువైంది. ఇనుము తల్లి రక్తహీనతను తగ్గిస్తుంది. అయితే ఫోలిక్ ఆమ్లం ఇవ్వడం వల్ల నెలలు నిండని కాన్పులు తగ్గుతాయనడానికి 2013 నాటి కాక్రేన్ సమీక్షలో రూఢియైన ఆధారం లభించలేదు. ఇది మాత్ర వైఫల్యం కాదు. నెలలు నిండని కాన్పు ఒకే లోపం వల్ల కలిగేది కాదనడానికి నిదర్శనం.

రక్తహీనత గల స్త్రీకి సాధారణంగా అదొక్కటే సమస్యగా ఉండదు. తిండి చాలకపోవడం, బరువు పనులు, ఇన్ఫెక్షన్లు, ఎడం లేని కాన్పులు ఒకే ఇంట్లో, ఒకే శరీరంలో కలుస్తాయి. తల్పాడే, విల్స్ సర్వే ఈ దిశలోనే చూసింది. దాని పక్కనున్న ప్రయోగశాల మార్గం ఒక పదార్థాన్ని, ఒక మాత్రను, లెక్కపెట్టదగిన ఒక పథకాన్ని ఇచ్చింది. సర్వే కోరిన మార్పులు కూలి, విశ్రాంతి, ఇల్లు, నీరు, ఇంట్లో స్త్రీకి దక్కే తిండి వాటా వంటివి. వాటిని పంపిణీ చేయడం సులభం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. మాత్రల కార్యక్రమం మొదలై అప్పటికి అర్ధ శతాబ్దం గడిచింది.

7. ముగింపు:

• 1961కి పూర్వపు వైద్య నివేదికలలో 'నెలలు నిండని' బిడ్డలుగా నమోదైనవారిలో బరువు మాత్రమే తక్కువైనవారు కూడా ఉన్నారు. ఆ కాలపు సంఖ్యలను నేటి సంఖ్యలతో నేరుగా పోల్చరాదు.

• బొంబాయి అధ్యయనంలో ప్రయోగశాల, ఇంటింటి పరిస్థితి అనే రెండు పార్శ్వాలు ఉన్నాయి. తరువాతి చరిత్ర మొదటిదానినే ప్రధానంగా స్మరించింది. విల్స్ పేరు నిలవగా తల్పాడే, మెహతాల పేర్లు దాదాపు కనుమరుగయ్యాయి.

• ఫోలిక్ ఆమ్ల చరిత్రలో భీమవరం, హైదరాబాదులకు స్థానం ఉంది. తెలుగులో విజ్ఞానశాస్త్ర చరిత్ర రాసేవారు సుబ్బారావు విజయాన్ని బొంబాయి స్త్రీల అనుభవంతో కలిపి చదవాలి.

• మాతృ ఆరోగ్యాన్ని మాత్రల సంఖ్యతో మాత్రమే కొలిచే పద్ధతికి ఆ రెండవ ప్రశ్న నేటికీ సవరణగా నిలుస్తుంది. నెలలు నిండాలంటే ముందు తల్లి కడుపు నిండాలి, ఆమెకు విశ్రాంతి దక్కాలి. 1930 నాటి ఆ సర్వేను తిరిగి చదవడం అందుకొక ఆరంభం కాగలదు.