ముక్కు దూలం వంకర: చికిత్స చరిత్ర

రెండు ముక్కుపుటాల మధ్య నిలువుగా ఉండే గోడను ముక్కు దూలం అంటారు. అది నడుమ నుంచి ఒక పక్కకు ఒరిగినా, మెలిక తిరిగినా, ఒకచోట మొనలా పొడుచుకొచ్చినా దూలం వంకర కిందే లెక్క. ఈఎన్‌టీ వైద్యులు చీటీల్లో పొడిగా 'డీఎన్‌ఎస్' (డీవియేటెడ్ నేసల్ సెప్టమ్) అని రాస్తారు. ముక్కుకు ఏ బాధ వచ్చినా 'సైనస్' అనేసుకోవడం మనకు అలవాటు కాబట్టి, చాలామందికి ఈ పేరు స్కాన్ రిపోర్టులోనే మొదటిసారి కనిపిస్తుంది. కనిపించగానే ఆపరేషన్ తప్పదేమోనన్న బెంగ మొదలవుతుంది. ఈ వంకరను సరిచేయడానికి వైద్యులు పడిన పాట్లలో సగం, ఎలా కోయాలో నేర్చుకోవడానికి. మిగతా సగం, ఎంత కోయకుండా వదిలెయ్యాలో, ఎవరి జోలికి వెళ్లకూడదో తెలుసుకోవడానికి.

నిర్మాణం, లక్షణాలు

దూలం ముందు భాగం నలుపలకల మృదులాస్థి. దాని వెనక, పైన ఎత్మాయిడ్ ఎముక పలక, కింద వోమర్ అనే పలుచని ఎముక ఉంటాయి. అడుగు అంచు పైదవడ ఎముక మీది గాడిలో కూర్చుంటుంది. ముక్కు కింది సగం ఆకారాన్ని నిలబెట్టేది ఈ మృదులాస్థే. డేరాకు నడిమి రాట ఎలాగో ముక్కుకు ఇది అలాగ. దీనికి సొంత రక్తనాళాలు లేవు. రెండు వైపులా అంటుకుని ఉండే పొర నుంచే పోషణ అందుతుంది. దెబ్బ తగిలి పొరకూ మృదులాస్థికీ మధ్య రక్తం చేరితే వెంటనే తీసెయ్యాలి. ఆలస్యమైతే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు నడుమ గుంట పడుతుంది. పొరను కాపాడితే మృదులాస్థి బతుకుతుందన్న ఈ సంగతిని లెక్కచేయకపోవడం వల్లే పాతకాలపు ఆపరేషన్లలో చాలావరకు బెడిసికొట్టాయి.

అసలు తిన్నని దూలమే అరుదు. 19వ శతాబ్దిలో లండన్ గొంతు వైద్యుడు మోరెల్ మెకెంజీ, అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ మ్యూజియంలో రెండు వేలకు పైగా పుర్రెలను చూసి, వాటిలో ముప్పావు వంతుకు మించి దూలం ఎంతో కొంత పక్కకు జరిగే ఉందని తేల్చాడు. 20వ శతాబ్దిలో ఆస్ట్రేలియా వైద్యుడు లిండ్సే గ్రే కూడా పుర్రెలు పరిశీలించి ఇంచుమించు అదే లెక్క చెప్పాడు. ఆయన పురిటి బిడ్డలనూ చూశాడు. గర్భంలోనూ కాన్పులోనూ ముఖం మీద పడే ఒత్తిడే కొన్ని వంకరలకు కారణమన్నది ఆయన వాదన. ఎప్పుడూ ముక్కుకు దెబ్బ తగల్లేదని రోగి చెబితే అది మతిమరుపే కానక్కర్లేదు.

వంకర ఉన్నంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. ముక్కు లోపలి పక్కగోడల మీద ఉండే టర్బినేట్లు కొన్ని గంటలకోసారి వంతులవారీగా ఉబ్బుతాయి, తగ్గుతాయి. 1895లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ దీన్ని వివరంగా నమోదు చేశాడు. మామూలు ముక్కున్నవారికి ఈ మార్పు తెలియదు. ఒక పక్క ఎప్పుడూ ఇరుకుగా ఉన్నవారికి, వెడల్పు పక్క ఉబ్బినప్పుడు రెండూ మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న వైపు టర్బినేటు కాస్త పెరిగి ఆ చోటును ఆక్రమిస్తుంది. అందుకే కొందరు దూలం ఒరగని వైపే మూసుకుపోతోందని చెబుతారు. గాలి ఆడుతోందన్న భావన కూడా గాలి పరిమాణం మీదే ఆధారపడదు. మెంథాల్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది కానీ, కొలిస్తే లోపలికి వెళ్లే గాలి పెద్దగా పెరగదు. చలువను పసిగట్టే నరాలే ఆ హాయినిస్తాయి.

ఇక అలర్జీ, పాలిప్‌లు, ముక్కు దిబ్బడకు చుక్కల మందు వారాల తరబడి వేసుకోవడం, ఇవన్నీ ఇలాంటి బాధనే తెస్తాయి. వీటిని తేల్చకుండా దూలం మీదికి కత్తి తీసుకెళ్లిన చోటల్లా ఫలితం నిరాశే.

ప్రాచీన కాలం

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్య పత్రం, ఎడ్విన్ స్మిత్ పపైరస్, ముక్కు దెబ్బల గురించి కొన్ని కేసులు చెబుతుంది. లోపల జిడ్డు పూసిన నార గుడ్డ వత్తులు దూర్చడం, బయట గట్టిగా చుట్టిన గుడ్డను దన్నుగా కట్టడం అందులోని పద్ధతి. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో, విరిగిన ఎముకల అధ్యాయంలో, ఇంకాస్త స్పష్టత ఉంది. కుంగిన లేదా వంగిన ముక్కును శలాకతో తిన్నగా చేసి, ఒక్కో పుటంలో రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టం పెట్టి, కట్టు కట్టి నెయ్యితో తడపమంటుంది. గొట్టం వల్ల లోపల దన్నూ ఉంటుంది, ఊపిరీ ఆడుతుంది. సుశ్రుతుడి పేరు చెప్పగానే తెగిన ముక్కును కొత్త చర్మంతో అతికిన కథే అందరూ ఎత్తుకుంటారు గానీ, దూలం చరిత్రకు ఈ చిన్న విధానమే దగ్గరి చుట్టం. రెండు గ్రంథాలూ చెప్పేది అప్పుడే తగిలిన దెబ్బకు చేసే పని. పుట్టుకతోనో చిన్ననాటి నుంచో ఉన్న వంకరను ప్రత్యేకమైన లోపంగా గుర్తించడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

ఆ గుర్తింపు 18వ శతాబ్ది మధ్యలో వచ్చింది. జర్మనీలోని లైప్‌జిగ్ పండితుడు క్వెల్‌మాల్ట్స్ దూలం వంకర మీద రాస్తూ, రోజూ వేలితో నొక్కి దాన్ని మధ్యకు తేవాలని సూచించాడు. పెద్దవాళ్ల దూలం వేలి ఒత్తిడికి లొంగదు. అయినా అప్పటి వైద్యం చేతిలో అంతకన్నా ఏమీ లేదు.

రంపాలు, పట్టకార్లు

1875లో లండన్ వైద్యుడు విలియం ఆడమ్స్ దూలాన్ని పట్టకారుతో విరిచి, తిన్నగా చేసి, లోపల బద్దలు పెట్టి నిలిపే పద్ధతి చెప్పాడు. అమెరికాలో బోస్‌వర్త్ పొడుచుకొచ్చిన భాగాన్ని పొరతో సహా రంపంతో కోసేశాడు. 1890 ప్రాంతంలో మోరిస్ యాష్ మృదులాస్థిని పొరతో సహా అడ్డంగా, నిలువుగా కత్తిరించి విరిచి, పుటాల్లో గొట్టాలు దించాడు. పొర పోయిన చోట పుండు, పుండు మానిన చోట పక్కులు, కొన్నిసార్లు దూలానికి చిల్లు. గాలి వెళ్లేటప్పుడు ఈల వేసే ముక్కులు ఆ కాలపు ఆసుపత్రుల్లో వింతేమీ కాదు.

ఈ కాలానికే రెండు మార్పులు కలిసొచ్చాయి. నుదుటి అద్దంతో ముక్కు లోతుకు వెలుగు పంపడం అలవాటైంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి మీద కొకెయిన్ మత్తును చూపించాక, కొద్ది నెలల్లోనే అది ముక్కుకూ చేరింది. కొకెయిన్ నొప్పి తెలియనివ్వదు, దాంతోపాటు పొరను కుంచించి రక్తస్రావమూ తగ్గిస్తుంది. 1900 తర్వాత అడ్రినలిన్ తోడై, రక్తం అడ్డుపడకుండా లోపల పనిచేసే వీలు కలిగింది.

ఈ సౌకర్యం అతికీ దారితీసింది. బెర్లిన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్లీస్ ఒంట్లోని సగం బాధలకు మూలం ముక్కులోనే ఉందన్నాడు. 1895లో తన మిత్రుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ పంపిన ఎమ్మా ఎక్‌స్టైన్‌కు ముక్కు ఆపరేషన్ చేసి, లోపల గాజుగుడ్డ మరిచిపోయాడు. వారాల తర్వాత మరో వైద్యుడు దాన్ని లాగినప్పుడు ఆమె రక్తం పోయి చావు అంచుదాకా వెళ్లింది. అది దూలం ఆపరేషన్ కాదు. కానీ ముక్కులో కోయగలిగినదల్లా కోసెయ్యవచ్చన్న అప్పటి ధీమా ఎంతటిదో ఆ ఉదంతం చూపిస్తుంది.

పొర కింద పని

షికాగోలో ఫ్లెచర్ ఇంగాల్స్ 1882లోనే పొరను పక్కకు తప్పించి మృదులాస్థి ముక్కను మాత్రమే తీసిన పద్ధతిని ప్రచురించాడు. దాన్ని పక్కా విధానంగా మలిచినవారు ఇద్దరు. 1902లో షికాగోకే చెందిన ఆటో ఫ్రీర్ ఒకరు, 1904లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్టావ్ కిలియన్ రెండోవారు. రెండు పక్కలా పొరను లేపి, మధ్యనున్న వంకర మృదులాస్థినీ ఎముకనూ తీసేసి, పొరలను ఒకదానికొకటి అతకనివ్వడం ఈ ఆపరేషన్. పైన, ముందు అంచున ఎల్ ఆకారంలో సుమారు సెంటీమీటరు వెడల్పు వదలాలని కిలియన్ పట్టుబట్టాడు. మన దేశంలోనూ పాత తరం వైద్యులు 'ఎస్‌ఎంఆర్' (సబ్‌మ్యూకస్ రిసెక్షన్) అని పిలిచింది దీన్నే. వీరిద్దరి పేర్లు ఈనాటికీ పనిముట్ల పళ్లెంలో ఉన్నాయి: పొర లేపేది ఫ్రీర్ ఎలివేటర్, పుటం తెరిచేది కిలియన్ స్పెక్యులమ్.

ఈ పద్ధతికీ చిక్కులొచ్చాయి. ఎల్ ఆకారపు దన్ను బలహీనపడితే ముక్కు నడుమ కుంగేది, కొస వేలాడేది. మృదులాస్థి లేని పొర ఊపిరికి రెపరెపలాడేది. ముందు అంచునే ఉన్న వంకరను ఈ ఆపరేషన్ ముట్టలేదు, ఎందుకంటే వదిలిపెట్టాల్సిన భాగం అదే. పిల్లల్లో ఇంకో ప్రమాదం ఉంది. దూలపు మృదులాస్థి ముఖం పెరుగుదలలో పాలుపంచుకుంటుంది కాబట్టి, ఎక్కువ తీసేస్తే పెద్దయ్యాక ముక్కు చప్పిడిగా మిగిలేది. చాలాకాలం పదహారు, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగమనేవారు. ఇప్పుడు ఊపిరికి బాగా అడ్డొస్తే పరిమితంగా చేస్తారు.

తీసేయడం నుంచి తిన్నగా చేయడానికి

1929లో క్లీవ్‌లాండ్ వైద్యుడు మైరన్ మెట్‌జెన్‌బామ్, ముందు అంచును కోసి పారేయకుండా అడుగు గాడి నుంచి విడిపించి తలుపులా మధ్యకు తిప్పాడు. 1937లో లిండన్ పీర్ ఆ భాగాన్ని బయటికి తీసి, సరిచేసి, మళ్లీ అమర్చాడు. 1940ల చివరి నుంచి షికాగోలో మారిస్ కాటిల్ ఈ ఆలోచనలకు ఒక క్రమం ఇచ్చాడు: పొరను వీలైనంత తక్కువ లేపడం, అవసరమైనంతే తీయడం, మిగిలినదాన్ని సర్ది కూర్చోబెట్టడం. సెప్టోప్లాస్టీ పేరుతో ప్రపంచమంతా పాకింది ఈ ధోరణే. 1954లో అమెరికన్ రైనోలాజిక్ సొసైటీని స్థాపించింది ఆయనే. చెంపను పక్కకు లాగి, ఊపిరి తేలికపడిందా అని అడిగే చిన్న పరీక్ష నేటికీ కాటిల్ పేరు మీదే నడుస్తోంది.

తిన్నగా చేసిన మృదులాస్థి మళ్లీ ఎందుకు వంగుతుందన్నది అప్పటికీ పజిలే. గ్లాస్గోలో గిబ్సన్, డేవిస్ 1958లో పక్కటెముక మృదులాస్థి మీద జవాబు కనిపెట్టారు. మృదులాస్థి రెండు ముఖాల్లోనూ బిగువు దాగి సమతూకంలో ఉంటుంది. ఒక ముఖం మీద గాటు పెడితే అక్కడి బిగువు సడలి, అది రెండో వైపుకు ఒంగుతుంది. 1966లో ఆస్ట్రేలియాలో ఫ్రై ఇదే సూత్రాన్ని దూలపు మృదులాస్థి మీద నిరూపించాడు. అప్పటి నుంచి గుంట వైపు గాట్లు పెట్టి తిన్నగా చేయడం సర్జన్ల మామూలు ఉపాయమైంది.

హాప్‌కిన్స్ గాజు కడ్డీల ఎండోస్కోపు వచ్చాక, 1991లో దాని సాయంతో దూలం సరిచేసిన అనుభవాలు వెలువడ్డాయి. వెనక లోతున ఒక్క మొన ఉన్నచోట ఇది బాగా పనికొస్తుంది. రోగుల వైపు నుంచి చూస్తే అంతకన్నా పెద్ద మార్పు ముక్కులో గుడ్డ కూరడం తగ్గడం. ఆపరేషన్‌ను మరిచిపోయినవారు కూడా ఆ గాజుగుడ్డ లాగిన నిమిషాన్ని మరువరు. ఇప్పుడు చాలాచోట్ల పొరలను కలిపి కుట్లు వేస్తారు, లేదా పలుచని సిలికాన్ పలకలు పెడతారు. హైదరాబాద్ కోఠీలోనూ విశాఖపట్నంలోనూ ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులకు ఇది రోజువారీ పని.

ఎవరికి అవసరం

ఇంత ప్రచారం పొందిన ఆపరేషన్‌కు, మందులతో పోల్చి చూసిన గట్టి పరీక్ష ఇటీవలిదాకా లేకపోవడం విచిత్రమే. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన డచ్ అధ్యయనం 203 మంది పెద్దలను రెండు గుంపులుగా చీల్చి చూసి, ఆపరేషనే మేలని చెప్పింది. 2023లో బ్రిటన్‌లోని నైరోస్ అధ్యయనం 378 మందిలో ఒక వర్గానికి సెప్టోప్లాస్టీ చేసి, రెండో వర్గానికి ఆరు నెలలు ముక్కు స్ప్రేలు వాడించింది. ఆరు నెలలకు ఆపరేషన్ వర్గంలోనే బాధ స్పష్టంగా తగ్గింది. దూలం ఎంత వంగిందో చూసి కాదు, దిబ్బడ ఎంత తీవ్రమో రోగులు చెప్పినదాన్ని బట్టే వారిని ఇందులోకి తీసుకున్నారు. మొదట్లో ఎక్కువ బాధతో వచ్చినవారికే ఎక్కువ లాభం కలిగింది.