అలివేలు ఎక్కడి పేరు?

అలివేలు అచ్చ తెలుగు పేరనే మనవాళ్ళ నమ్మకం. పుట్టింది మాత్రం అరవంలో. అలర్ అంటే విచ్చిన పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే పడుచు. పువ్వు మీద కూచున్న తిరుచానూరు అమ్మవారన్నమాట. అన్నమయ్య (1408–1503) పదాల్లో ఆవిడ అలమేలుమంగ. జనం నోట ‘మే’ కాస్తా ‘వే’ అయి అలివేలయింది. మేలు అనగానే మనకు మంచి అని తోస్తుంది గానీ, ఇక్కడ ఆ అర్థం లేదు.

వెనక సగం మంగమ్మయింది. 17వ శతాబ్దం చివర మదురై ఏలిన తెలుగు నాయకరాణి పేరు అదే. తమిళులు దానికి తమ ‘ఆళ్’ తగిలించి మంగమ్మాళ్ అన్నారు. పేరు పుట్టింటికి పోయి కొత్త చీర కట్టుకున్నట్టే!

మా తమిళనాడు తెలుగిళ్ళల్లో నాయనమ్మలు అలివేలమ్మలు, మనవరాళ్ళు పద్మలు, పద్మజలు. అమ్మవారు ఆవిడే, పువ్వూ అదే. మాటే సంస్కృతానికి మారింది. అలివేలూ అని పిలిస్తే పలికేవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళే.