ఇంటికి పంపిన పిల్లల్ని బడికి తెచ్చిన నర్సు

1902 సెప్టెంబరు ఒక్క నెలలోనే న్యూయార్క్ నగర బడుల నుంచి 10,567 మంది పిల్లల్ని ఇంటికి పంపేశారు. కొందరికి ట్రకోమా అనే కళ్ళజబ్బు, కొందరికి తలలో పేలు, ఇంకొందరికి గజ్జి, తామర, ఒంటిమీద పుళ్ళు. డాక్టరు వచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టి, కనురెప్ప ఎత్తి చూసి, అనుమానం వచ్చినవాళ్ళ చేతిలో ఒక చీటీ పెట్టేవాడు. అంతటితో ఆయన పని అయిపోయేది. ఆ చీటీ చేరే ఇళ్ళలో చాలావాటిలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు లేరు. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులు, ఇటలీ నుంచి వచ్చిన కూలీలు ఇరుకు గదుల్లో కాపురాలు చేసే పేటలవి. బడి నుంచి తీసేసిన పిల్లవాడు పగలంతా వీధిలో తిరిగేవాడు. సాయంత్రం బడి వదిలాక పాత స్నేహితులతోనే ఆడుకునేవాడు. అంటు ఆగలేదు, చదువు మాత్రం ఆగిపోయింది.

అసలు బడికి డాక్టరుతో ఏం పని పడింది? నిర్బంధ విద్య వచ్చాక అంతకుముందు ఎన్నడూ లేనంతమంది పిల్లలు ఒక గదిలో, ఒక బల్ల మీద పక్కపక్కన కూర్చోవడం మొదలైంది. 1860ల్లో బ్రెస్లావ్ నగరంలో హెర్మన్ కోన్ అనే కంటివైద్యుడు 10,060 మంది విద్యార్థుల కళ్ళు పరీక్షించి, పై తరగతులకు పోయేకొద్దీ హ్రస్వదృష్టి పెరుగుతోందని తేల్చాడు. గదిలో వెలుతురు చాలదని, బల్లలు పిల్లల ఎత్తుకు తగినట్టు లేవని వాదించాడు. చదువుకోవడానికి పంపిన చోటే పిల్లల ఒంటికి చేటు జరగవచ్చని లెక్కలతో చూపిన తొలి పనుల్లో అదొకటి. కానీ ప్రభుత్వాలను కదిలించింది కళ్ళద్దాలు కాదు, అంటురోగాల భయం. కంఠసర్పి చెలరేగిన 1894లో బోస్టన్ నగరం 50 మంది డాక్టర్లను బడులకు పంపింది. 1897లో న్యూయార్క్ 150 మందిని నియమించింది. రోజుకు గంట పని, నెలకు 30 డాలర్ల జీతం. ఆ గంటలో, ఆ జీతంతో జరిగేది తనిఖీయే తప్ప వైద్యం కాదు.

ఈ లోపాన్ని దగ్గర నుంచి చూసిన మనిషి లిలియన్ వాల్డ్. ఆమె నర్సు. 1893లో న్యూయార్క్ దిగువ తూర్పు పేటలో కాపురం పెట్టి, ఇంటింటికీ తిరిగి రోగులకు సేవ చేసేది. హెన్రీ స్ట్రీట్ సెటిల్మెంట్ అనే సంస్థ అలా పుట్టింది. ఆ తిరుగుళ్ళలో ఆమెకు 12 ఏళ్ళ కుర్రాడొకడు కనిపించాడు. వాడికి చదవడం రాదు. తలమీద పుండు ఉందని, వెళ్ళిన ప్రతిసారీ బడివాళ్ళు తిప్పి పంపారు. నయం చేయించుకోవడం ఎలాగో చెప్పినవాళ్ళు లేరు. వాల్డ్ డాక్టరు చెప్పిన మందు పట్టుగా రాయించింది, పుండు మానింది, కుర్రాడు బడిలో చేరాడు. ఒక లేపనం, కొన్ని వారాల ఓపిక. ఆ కాస్త దొరక్క ఒక బాల్యం నిరక్షరంగా గడిచిపోయింది! అలా బడికి దూరమైన పిల్లల వివరాలు ఆమె రాసిపెట్టుకుంటూ వచ్చింది.

1902లో తనిఖీలు కట్టుదిట్టం చేసి, పిల్లలు వేలల్లో ఇళ్ళకు చేరినప్పుడు, వాల్డ్ నగర ఆరోగ్యశాఖకు ఒక మాట చెప్పింది: నెల రోజులు మా నర్సును ఇస్తాం, ఫలితం కనిపిస్తే ఆ తర్వాత డాక్టరుకు ఇచ్చినట్టే నర్సుకూ జీతం ప్రజాధనం నుంచే ఇచ్చేలా చూడాలి. షరతు ముందే పెట్టడంలో ఆమె దూరదృష్టి ఉంది. దాతల దయమీద నడిచేది దాతలతోనే పోతుందని ఆమెకు తెలుసు.

ఆ నెలకు వెళ్ళిన నర్సు లీనా రోజర్స్. కెనడా అమ్మాయి, టొరంటో పిల్లల ఆసుపత్రిలో శిక్షణ పొందింది. 1902 అక్టోబరులో ఆమెకు నాలుగు బడులు అప్పగించారు. అన్నింట్లో కలిపి దాదాపు 10,000 మంది పిల్లలు. రోజూ ఒక్కో బడికీ వెళ్ళి, డాక్టరు గుర్తించిన పిల్లల్ని పిలిపించుకుని, కళ్ళు కడిగి, పుండ్లకు కట్టు కట్టి, తామరకు మందు రాసి మళ్ళీ తరగతికి పంపేది. ఏ జబ్బుకు ఏం చేయాలో రాతపూర్వకంగా ఉండేది కనుక ప్రతిదానికీ డాక్టరు కోసం ఆగనక్కర్లేదు. నిజంగా ఇంటి దగ్గర ఉండాల్సిన పిల్లల్నే ఇంటికి పంపేవారు. బడి పని ముగిశాక అసలు పని మొదలయ్యేది. ఆ పిల్లల ఇళ్ళకు మెట్లెక్కి వెళ్ళి, పేలు ఎలా వదిలించాలో, కంటికి మందు ఎలా వేయాలో తల్లి ముందు తానే చేసి చూపేది. ఆ తల్లుల్లో కొందరు బడి నుంచి ఎవరో వచ్చారంటే జరిమానా వేస్తారేమో అని భయపడి ఉంటారు. వచ్చినామె నీళ్ళు కాచమని, గుడ్డ తెమ్మని అడిగి పక్కన కూర్చుంటే ఆ భయం ఎంతసేపు నిలుస్తుంది? బడికీ ఇంటికీ మధ్య నడిచిన మనిషి ఆమె. నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో పెద్ద మలుపు ఇక్కడే ఉంది.

నెల తిరక్కుండానే ఫలితం కనిపించింది. నగరం 30,000 డాలర్లు కేటాయించి మరింతమంది నర్సులను తీసుకుంది. 1903 సెప్టెంబరులో ఇంటికి పంపిన పిల్లల సంఖ్య 1,101కి దిగింది. లండన్‌లో 1892లోనే ఆమీ హ్యూస్ అనే నర్సు డ్రూరీ లేన్ బడికి వెళ్ళి చికిత్స చేసింది కనుక ఆలోచన కొత్తదేమీ కాదు. నగర ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న బడి నర్సులు మాత్రం వీళ్ళే మొదలు. రోజర్స్ తర్వాత తన అనుభవమంతా కూర్చి 1917లో బడి నర్సు పని గురించే ఒక పుస్తకం రాసింది.

అంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. 1906 జూన్‌లో న్యూయార్క్ దిగువ తూర్పు పేటలోనే ఒక బడిలో డాక్టర్లు పిల్లలకు టాన్సిల్స్, ముక్కు వెనక పెరిగిన కండ తీసే శస్త్రచికిత్సలు చేశారు. తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారు గాని, దేనికి పెడుతున్నామో వాళ్ళకు అర్థం కాలేదు. పిల్లలు నోట రక్తంతో ఇంటికి వచ్చారు. డాక్టర్లు పిల్లల గొంతులు కోస్తున్నారన్న వదంతి గంటల్లో పాకింది. వేలమంది తల్లులు బడులమీద విరుచుకుపడి, కిటికీలు పగలగొట్టి, పిల్లల్ని లాక్కెళ్ళారు. రష్యాలో ఊచకోతలు తప్పించుకుని వచ్చిన యూదు తల్లులు వాళ్ళు. ప్రభుత్వం పంపిన మనుషులను నమ్మకపోవడానికి వాళ్ళకు కారణాలున్నాయి. వాళ్ళను మూర్ఖులని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. మన దగ్గర కూడా టీకాల మీద, నులిపురుగుల మాత్రల మీద వదంతి లేచినప్పుడల్లా ఈ కథ గుర్తు తెచ్చుకోవాలి. సంతకం ఉంటే చాలదు, ముందుగా ఇంటికి వెళ్ళి చెప్పిన మనిషి కావాలి.

ఇంగ్లండు దారి వేరు. బోయర్ యుద్ధానికి వచ్చిన యువకుల్లో ఎంతోమంది సైన్యానికి పనికిరాలేదు. ఆ కంగారు నుంచే 1906లో బడి భోజనాల చట్టం, 1907లో వైద్య తనిఖీల చట్టం వచ్చాయి. తనిఖీ తప్పనిసరి చేశారు, చికిత్స కాదు. దాంతో లోపాలన్నీ రికార్డుల్లోకి ఎక్కాయి, పిల్లలు అలాగే ఉన్నారు. ఈ ఖాళీని పూడ్చడానికే మార్గరెట్ మెక్‌మిలన్, ఆమె అక్క రేచల్ 1908లో లండన్ బో ప్రాంతంలో బడి పిల్లల క్లినిక్ తెరిచారు.

మన దేశంలో బడి పిల్లలకు వైద్య పరీక్షలు మొదట జరిగింది బరోడా నగరంలో, 1909లో. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా పని ముందుకు సాగలేదు. బడి ఆరోగ్య సేవలు దేశంలో దాదాపు లేనట్టేనని 1946లో భోర్ కమిటీ తేల్చింది. మద్రాసులో మాత్రం ఇంకో మంచి పని 1920లోనే మొదలైంది. కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం పూట తిండి పెట్టించాడు. ఆకలితో కూర్చున్న పిల్లవాడికి ఏ పరీక్ష చేసినా ఏం లాభం? 1961లో రేణుకా రే కమిటీ తన నివేదికలో బడి ఆరోగ్యం గురించి వివరంగా సిఫారసులు చేసింది. అమలు రాష్ట్రాల ఓపికను బట్టి నడిచింది.

మన తరం బడుల్లో జ్వరం వస్తే ఏం జరిగేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాస్టారు నుదురు పట్టుకు చూసి, వసారాలో పడుకోబెట్టి, పక్క వీధి పిల్లవాణ్ణి తోడిచ్చి ఇంటికి పంపేవారు. దయ ఉండేది, ఏర్పాటు ఉండేది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. ఆయుష్ డాక్టర్లు, ఏఎన్‌ఎం, ఫార్మసిస్టు ఉన్న బృందం వాహనంలో వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది. గ్రహణం మొర్రి నుంచి గుండె లోపాల దాకా 30 రకాల సమస్యలు చూసి, అవసరమైనవాళ్ళను పెద్దాసుపత్రికి పంపుతుంది. 2015 నుంచి నులిపురుగుల నిర్మూలన దినం కూడా జరుగుతోంది. ఆల్బెండజోల్ మాత్ర బడిలోనే నమిలిస్తారు. వీటివల్ల ఎందరో పిల్లలకు మేలు జరిగింది, సందేహం లేదు. కానీ ఆ బృందం బడికి వచ్చేది ఏడాదికి ఒకసారి. మిగతా రోజుల భారం టీచర్లదే. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమం కూడా ప్రతి బడిలో ఇద్దరు టీచర్లనే ఆరోగ్య రాయబారులుగా ఎంచమంది.

ఊళ్ళో బడికి ఇది ఎలాగో సరిపెట్టుకోవచ్చు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కుదరదు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య ఇవాళ రెండు రాష్ట్రాల్లో లక్షలమంది పేదపిల్లలకు ఆధారం. అక్కడ జ్వరం వచ్చిన పిల్లను ఇంటికి పంపేద్దామంటే ఇల్లు ఏ కొండమీదో ఉంటుంది. పైగా ఏజెన్సీ ప్రాంతాల పిల్లల్లో కొందరికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. 2023లో దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది, రక్త పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. కార్డుతో పని అయిపోదు. ఆ జబ్బున్న పిల్లకు డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా రోజూ తప్పకుండా అందాలి, నీళ్ళు బాగా తాగించాలి, చలిగాలికి వదలకూడదు. ఒళ్ళు కాలిందంటే పారాసిటమాల్ ఇచ్చి తెల్లవారేదాకా చూద్దామనడానికి లేదు. ఈ జబ్బువల్ల ప్లీహం సరిగా పనిచేయని ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది వార్డెను అన్నం వండించుకుంటూ, హాజరు రాసుకుంటూ చూసుకోగల పని కాదు. ప్రతి ఆశ్రమ పాఠశాలకూ రాత్రీ పగలూ అక్కడే ఉండే నర్సు పోస్టు, ఆమె పిలిస్తే వచ్చే వాహనం మంజూరు చేయాలి. జీతం వాల్డ్ అడిగినట్టే ప్రజాధనం నుంచి, ఏటా ఆగకుండా రావాలి.