డిగ్రీ లేని ఉస్తాద్

1983లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ది రైట్ స్టఫ్’లో బార్ కౌంటర్ వెనక ఓ పెద్దాయన కనిపిస్తాడు. పేరు ఫ్రెడ్, చిన్న కిర్దార్. ఆ వేషం వేసింది చక్ యేగర్. అదే సినిమాలో సామ్ షెపర్డ్ పోషించిన పైలట్ పాత్ర ఈయనదే! అసలు మనిషి ఖామోష్‌గా పక్కన నిలబడటం నాకు భలే నచ్చింది.

యేగర్ 1923లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో మామూలు ఖాందాన్‌లో పుట్టాడు. హైస్కూల్ తాలీమ్‌తోనే 1941లో ఫౌజులో చేరాడు. మొదట విమానాల మెకానిక్, తర్వాత యుద్ధ పైలట్, ఆపైన టెస్ట్ పైలట్. 1947 అక్టోబర్ 14న బెల్ ఎక్స్-1 విమానంలో ధ్వని వేగాన్ని దాటాడు. అంతకు రెండు రోజుల ముందే గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరిగాయి. ఆ దర్ద్‌తో విమానం తలుపు గడియ వేయలేడని, దోస్త్ జాక్ రిడ్లీ చీపురు కర్ర ముక్క కోసిచ్చాడు. దాంతోనే పని కానిచ్చాడు. ఏం హిమ్మత్!

1962లో వ్యోమగాములను తయారుచేసే ఎయిర్‌ఫోర్స్ స్కూలుకు ఆయనే పెద్ద. షాగిర్దులు అంతరిక్షానికి వెళ్లారు. ఉస్తాద్ వెళ్లలేదు. కారణం, కాలేజీ డిగ్రీ లేకపోవడం. 2020లో, 97 ఏళ్లకు కన్నుమూశాడు.

తాలీమ్ వద్దని నేననను. పిల్లల్ని తప్పకుండా చదివిద్దాం. కానీ మన బస్తీ షెడ్లలో ఇంజన్ చప్పుడు విని మర్జ్ పట్టేసే కుర్రాళ్లున్నారు. వాళ్ల హునర్‌ను కాగజ్ ముక్కతో కొలవకండి.