సముద్రానికి అప్పగింతలు

శిల్పం అనగానే మనకి రాయి గుర్తొస్తుంది. పది కాలాలపాటు నిలవాలనే కదా ఎవరైనా చెక్కేది! అలాంటిది, అలలు వచ్చి చెరిపెయ్యాలనే ఒక స్త్రీ తన ఆకారాన్ని సముద్రపుటొడ్డున ఇసుకలో మలిచిందంటే వింతగా లేదూ? ఆవిడ పేరు ఆనా మెండియేటా.

ఆనా 1948లో క్యూబా రాజధాని హవానాలో, కలిగిన కుటుంబంలో పుట్టింది. 1959లో కాస్ట్రో అధికారంలోకి వచ్చాక, కొత్త ప్రభుత్వం తమ పిల్లల్ని తమకి కాకుండా చేస్తుందేమోనన్న భయం అక్కడ ఎందరో తల్లిదండ్రులకి పట్టుకుంది. 1960-62 మధ్య 14 వేల మందికి పైగా పిల్లల్ని, పెద్దల తోడు లేకుండానే అమెరికా పంపేశారు. ‘ఆపరేషన్ పీటర్ పాన్’ అని దానికి పేరు. 1961లో 12 ఏళ్ల ఆనా కూడా, అక్క రాకెలీన్‌తో కలిసి అలాగే వెళ్లింది.

ఎడబాటు కొన్నాళ్లేననుకున్నారు పెద్దలు. కానీ తల్లి అమెరికా రాగలిగింది 1966లో. తండ్రి క్యూబాలో జైలు పాలయ్యాడు. ఆయన వచ్చేసరికి 1979 అయింది. ఈలోగా అక్కచెల్లెళ్లు అయోవా రాష్ట్రంలో అనాథాశ్రమాల్లోనూ, పరాయి ఇళ్లల్లోనూ పెరిగారు. కడుపున పుట్టినవాళ్లని కాపాడుకోవడానికే దూరం చేసుకున్న ఆ తల్లి బాధ పెద్దదా, ఎందుకు పంపారో పూర్తిగా తెలియని ఆ పిల్లల బాధ పెద్దదా? ఎవరు తూచగలరు!

అయోవా విశ్వవిద్యాలయంలో ఆనా చిత్రకళ చదువుకుంది. 1972 ప్రాంతంలో కుంచె పక్కన పెట్టేసింది. ఇక తన శరీరం, మట్టి, నీరు, నిప్పు, పూలు - ఇవే ఆమెకి రంగులూ పలకా. 1973లో మెక్సికోలోని ఒక పురాతన సమాధిలో, ఒంటినిండా తెల్లపూలు కప్పుకుని పడుకుంది. అలా మొదలైంది ‘సిలుయెటా’ వరస. స్పానిష్ భాషలో ఆ మాటకి నీడలాంటి ఆకృతి అని అర్థం.

1976లో మెక్సికోలోనే, లా వెంటోసా అనే చోట సముద్రం అంచున తన ఆకారం ఇసుకలో తవ్వి, దాని నిండా ఎర్రరంగు నింపింది. అల వచ్చింది. అంచులు కరిగాయి. మరో అల, మరికొంచెం. ఆమె ఆపలేదు, అడ్డు కట్టలేదు. వరసగా ఫొటోలు మాత్రం తీసుకుంది. మనకి మిగిలినవి అవే.

ఒక్కసారి చెరిపేస్తే తీరిపోయే దుఃఖం కాదది. అందుకేనేమో, మట్టిలో, గడ్డిలో, మంచులో మళ్లీ మళ్లీ అదే ఆకారం చేసింది. పుట్టిల్లు దూరమైన ఆడవాళ్లకి ఇది విడమరిచి చెప్పాలా! మనసులో బరువుకి ఒక రూపమంటూ ఇస్తే, కనీసం దాన్ని ఎదురుగా పెట్టుకుని చూడొచ్చు.

1980లో, దాదాపు 19 ఏళ్ల తరవాత, ఆనా మళ్లీ క్యూబాలో అడుగుపెట్టింది. మరుసటి ఏడు ఫ్లోరిడాలోని కీ బిస్కేన్ తీరంలో ఇసుకగట్లతో ఇంకో ఆకారం చేసి, దానికి క్యూబావాళ్లు కొలిచే జలదేవత ‘ఓచూన్’ పేరు పెట్టింది. 1985లో న్యూయార్క్‌లో ఎత్తయిన భవనం మీంచి పడి చనిపోయేనాటికి ఆమెకి 36 ఏళ్లే.

ఆ ‘ఓచూన్’ని ఆమె పూర్తిగా మూసి గీయలేదు. రెండు చివర్లా తెరిచే ఉంచింది, నీళ్లు అందులోంచి పారేటట్టు. ఆ ఆకారం తిరిగి ఉన్నది దక్షిణానికి, క్యూబా వైపుకి.